గోనె పోగు

తుమ్ము వస్తోంది!

సాలోమోను ముక్కు గట్టిగా పట్టుకున్నాడు.

ఇప్పుడు కాదు... దేవా, ఇప్పుడు మాత్రం కాదు!

ఆర్మూర్ మార్కెట్ యార్డులో కరెంటు పోయింది. పొద్దు గూకి, చీకటి అప్పుడే చిక్కబడుతోంది. రేకుల షెడ్డు కింద పసుపు బస్తాలు మనిషి కంటే ఎత్తుగా పేర్చి ఉన్నాయి. రెండు వరసల నడుమ, ఒళ్లు పక్కకు తిప్పితే తప్ప పట్టని సందులో ఇరుక్కుని నిలబడ్డాడు సాలోమోను. ఊపిరి పీలిస్తే పసుపు. గుటక వేస్తే పసుపు. కనురెప్పల మీద కూడా పసుపే.

టార్చి వెలుగు పక్క వరస మీద పాకింది.

ఆగింది.

మళ్లీ పాకింది...

చెప్పుల చప్పుడు. ఒక్కడే. తొందరేమీ లేనట్టు నడుస్తున్నాడు. వాడి భుజానికి పొడుగ్గా ఏదో వేలాడుతోంది. వెలుగు ఇనుప స్తంభానికి తగిలి వెనక్కి వచ్చినప్పుడు అదేమిటో కనిపించింది.

తుపాకి!

సాలోమోను బస్తాలకు ఇంకా అతుక్కుపోయాడు.

ప్యాంటు జేబు తడుముకున్నాడు. ఉంది. గుడ్డపేలికలో చుట్టిన చిన్న పైపు కొస, దాని మీద ఒక నట్టు. మూడేళ్ల పిల్లాడి పిడికిట్లో పట్టే వస్తువు. అది ఉన్నంతవరకే తను నిర్దోషి. అది పోయిందా... ఇద్దరిని చంపిన మెకానిక్‌గా మిగిలిపోతాడు.

ఊరు అప్పుడే ఆ మాట అంటోంది. తన ఫొటో వాట్సాప్‌లో ఇంటింటికీ తిరుగుతోంది. మస్కట్‌లో హ్యాంగరు ముందు నవ్వుతూ దిగిన ఫొటో. కింద ఎవడో పుణ్యాత్ముడు రాశాడు. 'హెలికాప్టర్ నట్టు బిగించుడు మరిచినోడు వీడే. కనబడితే వదలొద్దు.'

మరిచాడట! చేసిన పని మూడుసార్లు తడిమి చూస్తే గాని అన్నం దిగని మనిషి, నట్టు మరిచాడట!

టార్చి తన సందు వైపు తిరిగింది.

ముక్కు వదిలితే తుమ్ము. పట్టుకుంటే ఊపిరాడదు. పసుపు ఊళ్లో పుట్టినవాడికి పసుపు పడదంటే నలుగురూ నవ్వుతారు. ఏం చేస్తాడు? ఏళ్ల తరబడి ఏసీ గాలి పీల్చిన గల్ఫు ముక్కు. సొంత ఊరినే మరిచిపోయింది.

"హ్... హ్... హాచ్చ్!"

"ఏయ్! ఆగు!"

ఆగడమా!

భుజంతో ఒక్క తోపు. పైబస్తా కదిలింది. ఊగింది. ధడేల్‌మని పడి పగిలింది. పసుపు కొమ్ములు గలగలా నేలంతా దొర్లాయి. టార్చి మనిషి కాలు వాటి మీద పడి జారింది. సాలోమోను పరుగు!

"సాలోమోనూ! ఆగన్నా! మాట్లాడాలె!"

తుపాకి వేసుకొచ్చి మాట్లాడతాడట!

షెడ్డు దాటాడు. కాంటా దాటాడు. గేటు దగ్గర హమాలీలు బీడీలు ముట్టించుకుంటున్నారు. ఒకడు తల ఎత్తి చూశాడు.

"అరే... వీడు గా హెలికాప్టరోడు గాదుర!"

"పట్టుకో! పట్టుకో!"

చొక్కా ఎవడి చేతికో దొరికింది. చిరిగింది. సాలోమోను రోడ్డు మీద పడ్డాడు. వెనక బైకు స్టార్టయిన చప్పుడు. ముందు ఆటోలు, బస్సు, హారన్లు. ఎటు పోవాలి? ఎటు?

ఒక పాత జీపు కీచుమని పక్కనే ఆగింది.

"ఎక్కు బామ్మర్దీ! ఎక్కుర జల్ది!"

అక్క మొగుడు సురేశ్!

దేవుడు ఉన్నాడనిపించింది. ఎగిరి లోపల పడ్డాడు. తలుపు వేసుకోకముందే జీపు దూకింది.

*

జీపు హైవే ఎక్కింది. సురేశ్ అద్దంలోకి చూస్తూ తోలుతున్నాడు. నలభై దాటిన మనిషి. ఆర్మూర్‌లో ట్రాక్టర్ మెకానిక్ అంటే సురేశే. సామాను దొరకకపోతే సామాను లేకుండానే బండి నడిపించి పంపిస్తాడని పేరు. రైతులు వాడి దుకాణం ముందు వరస కడతారు. అక్కను వాడికి ఇచ్చినందుకు ఇంట్లో అందరికీ గర్వం. సాలోమోనుకు మరీను.

"గా బండోడు ఎవడుర?" అన్నాడు సురేశ్.

"మా మేనేజర్ దయానంద్ సార్ మనిషే గావచ్చు. తుపాకి ఉన్నది బావా!"

"తుపాకా?" సురేశ్ చేతిలో స్టీరింగ్ జర్రున పక్కకు పోయి వచ్చింది. "దెబ్బలేమన్న తాకినయా?"

"లేదు. నువ్వు టైముకు రాకపోతే చంపుతుండిరి. నేనీడున్నట్టు నీకెట్ల తెల్సింది?"

"మీ అక్క చెప్పింది. బస్టాండ్‌ల ఎవరో నిన్ను గుర్తుపట్టి ఎంబడి పడ్డరని దవాఖానల అనుకుంటుండ్రట. మార్కెట్ దిక్కు ఉరికిండని ఎవరో అన్నరట." ఒక్క క్షణం ఆగి అడిగాడు. "గా ముక్క... నీ తాననే ఉన్నదా?"

సాలోమోను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఉన్నది."

సురేశ్ ఊపిరి వదిలాడు. అది తృప్తో, దిగులో తెలియలేదు.

"ఏడికి పోతున్నం?"

"మెండోర దిక్కు. దోస్తు ఇల్లున్నది గాడ. పొద్దుగాల నిజామాబాద్ పోదం. హెలికాప్టర్ విచారణకొచ్చిన సార్ గెస్ట్‌హౌస్‌లనే ఉన్నడట. నువ్వేం ఫికర్ చెయ్యకు."

మెండోర! సాలోమోను చప్పున బావ వైపు తిరిగాడు. హెలికాప్టర్ కూలింది అక్కడే, మక్కచేనులో.

జరిగింది అంతా కళ్ల ముందే ఉంది. ఎంత తోసేసినా పోవడం లేదు.

మస్కట్ నుంచి వచ్చాక తను మెకానిక్‌గా చేరిన కంపెనీ, ఊరి బయట మైదానంలో జనాన్ని డబ్బుకు తిప్పే హెలికాప్టర్ పెట్టింది. గుట్ట చుట్టూ తిప్పి, ప్రాజెక్టు నీళ్లు చూపించి, తెచ్చి దింపుతారు. పసుపు అమ్ముకున్న రైతులు పెళ్లాం పిల్లలతో వచ్చి ఎక్కుతున్నారు. ఆ రోజు పొద్దున ఇంజిన్ కింద నూనె చుక్కలు కనిపించాయి. సాలోమోను మూత తెరిచి చూశాడు. ఆయిల్ పైపు కొసన వెంట్రుకంత పగులు. వెంటనే పైపు విప్పి బల్ల మీద పెట్టేశాడు. కొత్త పైపు వచ్చేదాకా ఇది లేవదని మేనేజర్ దయానంద్ మొహం మీదే చెప్పాడు. హైదరాబాద్ నుంచి బస్సులో వేసిన పైపు తెచ్చుకోవడానికి నిజామాబాద్ పోయాడు.

తిరిగి వస్తూ, పెర్కిట్ దగ్గర, బస్సు కిటికీలోంచి చూశాడు.

హెలికాప్టర్ గాలిలో ఉంది!

ఒళ్లో కొత్త పైపు డబ్బా. తల మీద హెలికాప్టర్. అది ప్రాజెక్టు వైపు పోయింది...

తిరిగి రాలేదు.

పైలట్ రాహుల్ అక్కడికక్కడే పోయాడు. పసుపు రైతు చిన్నన్న దవాఖానకు తెచ్చేలోపు పోయాడు. చిన్నన్న భార్య మంగవ్వ ఇంకా మంచం మీదే ఉంది. దవాఖానలో ఆయాగా పనిచేసే అక్క రూతు చేతులు పట్టుకుని ఒకటే మాట చెబుతోందట. చప్పుడు ఆగిపోయింది బిడ్డా, రెక్కలు తిరుగుతనే ఉన్నయి గని చప్పుడు లేదు, అని.

నూనె లేకుండా ఇంజిన్ ఎంతసేపు తిరుగుతుంది? పట్టేసింది. ఎత్తులో ఉంటే, తిరిగే రెక్కల ఊపు మీదే మెల్లగా దించవచ్చు. కాని కంపెనీ జనానికి చేన్లు దగ్గరగా చూపించాలని చెట్ల మీదుగా తిప్పిస్తుంది. రాహుల్‌కు దించడానికి ఎత్తే లేకపోయింది.

శకలాలను లారీలో ఎత్తుకుపోతారని తెలిసి, సాలోమోను నిన్న చీకట్లో పోలీసు రిబ్బన్ కింద దూరి ఈ కొస విప్పుకొచ్చాడు. తను బల్ల మీద పెట్టిన అదే పగిలిన పైపు. ఎవడో దాన్ని మళ్లీ బిగించాడు. ఎవడు?

"బావా, జర లైటెయ్యి." గుడ్డపేలిక విప్పాడు. "చూడు. నట్టు కింద దారం చుట్టిండ్రు. నూనెల కాలి నల్లగైంది గని... గోరుతోటి గీకితే లోపల పసుపుపచ్చగున్నది. ఏందో సబ్బు లెక్క. నల్లా పని చేసెటోడు ఎవడో చేసిండు. నీకు ఈ పనోళ్లందరు ఎర్కనే గద, ఎవని చెయ్యో గుర్తుపడతవా?"

సురేశ్ చూశాడు. ఒక్క చూపు. వెంటనే రోడ్డు మీదికి తల తిప్పుకున్నాడు.

"తెల్వది."

"మంచిగ చూడు బావా!"

"తెల్వదంటున్న గద!" అరిచినంత పని చేశాడు. మళ్లీ తగ్గాడు. "గది నాకియ్యి. నా తాన ఉంటే పదిలంగుంటది. నిన్నైతే ఎవడన్న పట్టుకుంటడు."

ఇవ్వబోయాడు సాలోమోను. అప్పుడే ఫోన్ మోగింది. సురేశ్ ఫోన్. డ్యాష్‌బోర్డు మీద వెలుగుతూ... రూతు.

సురేశ్ ఎత్తడానికి వెనకాడాడు. సాలోమోనే స్పీకర్ నొక్కాడు.

"దొరికిండా? నా తమ్ముడు దొరికిండా?"

"నేనే అక్కా. బావ తాననే ఉన్న."

అవతల ఏడుపు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు. రూతు ఏడిస్తే ఎక్కువసేపు ఏడవదు. ఏడో నెల కడుపుతో వార్డులు తుడిచే మనిషి.

"తమ్మీ, గా ముక్క పారెయ్యకు. ఎవరు భయపెట్టినా పారెయ్యకు! గా మంగవ్వ నా మొకం చూస్తలేదుర ఇప్పుడు. నీ తమ్ముడే గదనే, అన్నది. నా పానం ఎట్లయిందో నాకే ఎర్క. ఎవడు చేసిండో వాన్ని వదలొద్దు. వాడు ఎవని కొడుకైనా సరే, ఎవని మొగడైనా సరే... వాని పెండ్లాం పిల్లలు ఉసురుమంటరని చూడకు. విన్నవా?"

"విన్న అక్కా."

"ఏమయ్యా, నువ్వు వింటున్నవా?"

సురేశ్ గొంతు సవరించుకున్నాడు. "ఆఁ" అన్నాడు.

ఫోన్ పెట్టేసింది. సాలోమోను పైపు ముక్కను మళ్లీ గుడ్డలో చుట్టి జేబులోనే పెట్టుకున్నాడు. అక్క చెప్పింది కదా. సురేశ్ మళ్లీ అడగలేదు.

*

హైవే దిగి కాలువ కట్ట ఎక్కారు. ఒకవైపు కాలువ, ఒకవైపు మక్కచేన్లు. బండి వెడల్పు తప్ప దారి లేదు.

బుస్స్‌మంది!

బానెట్ కింద నుంచి ఆవిరి. అద్దమంతా తెల్లగా కమ్ముకుంది.

"గిప్పుడేనా!" సురేశ్ బ్రేకు తొక్కాడు.

దిగారు. సాలోమోను వెనక్కి చూశాడు. దూరంగా, కట్ట మొదట్లో, ఒంటి లైటు. బైకు! వాడు కట్ట ఎక్కుతున్నాడు.

"బావా, వాడొస్తుండు! జల్ది!"

"టార్చి పట్టు!"

బానెట్ లేచింది. వేడి మొహానికి కొట్టింది. రేడియేటర్ కింద పైపు అతుకు దగ్గర సన్నటి ధార కారుతోంది. సురేశ్ గోనెసంచి చుట్టి మూత తిప్పాడు. ఆవిరి ఎగజిమ్మింది. పక్కకు వంగి తప్పించుకున్నాడు. ఇక వాడి చేతులు వాటంతటవే పని చేయడం మొదలుపెట్టాయి.

సీటు కింద నుంచి ఒక డబ్బా. డబ్బాలో పసుపు. గుప్పెడు రేడియేటర్‌లో వేశాడు. కారే చోట పట్టుకుని ఆపుతుందని ట్రాక్టర్లోళ్లందరూ చేసే పనే.

సబ్బు ముక్క తీశాడు. అరచేతిలో పసుపు వేసి, సబ్బుతో కలిపి ముద్ద చేశాడు.

గోనెసంచి అంచు నుంచి ఒక పోగు లాగాడు.

దాన్ని ముద్దలో ముంచాడు.

అతుకు చుట్టూ తిప్పుతున్నాడు... ఎడమ చేతి వాటంగా, వెనక్కి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. కొస పళ్లతో కొరికాడు. బొటనవేలితో లోపలికి నొక్కి, నట్టు కిందికి దోపాడు.

టార్చి వెలుగు ఆ అతుకు మీదే ఆగిపోయింది.

సాలోమోను జేబులో చెయ్యి పెట్టాడు. గుడ్డ విప్పాల్సిన అవసరం లేదు. రాత్రంతా చూశాడు దాన్ని. వెనక్కి చుట్టిన పోగు. ఒకదాని మీద ఒకటి ఎక్కని వరసలు. కొరికిన కొస. లోపలికి దోపిన తీరు.

సురేశ్ చేతులు ఆగిపోయాయి.

తన చేతులనే చూసుకుంటున్నాడు. ఎవరో వేరేవాళ్ల చేతులు చూసినట్టు చూస్తున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

"బావా..."

కాలువ నీళ్ల చప్పుడు.

"బావా... నువ్వా?"

"నేల మీదనే అన్నడుర!" సురేశ్ గొంతు పగిలింది. "దయానంద్ సార్... ఇంజిన్ చాలు చేసి చూస్తం, గంతే అన్నడు. గాల్లెకు అని అనలే! అంటే చేస్తుంటినా? నువ్వే గద వానికి చెప్పినవ్, మా బావ చెయ్యి పడితే నడువని బండి లేదని. గందుకే నన్ను పిలిపించిండు. బల్ల మీది పైపు బిగిస్తే అతుకు కారుతున్నది. నేను గిట్లనే చుట్టిన. వంద ట్రాక్టర్లకు చుట్టిన, వందా నడుస్తున్నయి!"

"గది ట్రాక్టర్ గాదు బావా!"

"గిప్పుడు ఎర్కనే గద! ట్రాక్టర్ ఆగితే రోడ్డు పక్కకు నిలబడతది. దిగి చూసుకుంటం. గది ఆగితే... ఏడ నిలబడతది? గా ఒక్క ముచ్చట నాకు అప్పుడు తట్టలే బామ్మర్దీ. దేవుని తోడు, తట్టలే!"

సాలోమోనుకు కొట్టాలనిపించింది. కౌగిలించుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేకపోయాడు.

"మరి రాహుల్ సార్ ఎట్ల లేపిండు? నేను చెప్పంది లేపడు గద!"

నిజమే. రోజూ జరిగేదది. అంతా చూసుకున్నాక సాలోమోను హెలికాప్టర్ పొట్ట మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడతాడు. లోపల కూర్చున్న రాహుల్ ఆ చప్పుడు వింటేనే స్టార్ట్ చేస్తాడు. వెనక్కి తిరిగి కూడా చూడడు. అంత నమ్మకం.

సురేశ్ కట్ట మీద కూలబడ్డాడు.

"రెండు దెబ్బలు కొట్టమన్నడు."

"ఏంది?"

"పని అయినంక... దయానంద్ సార్... గీడ అరచేతితోటి రెండు దెబ్బలు కొట్టు అన్నడు. ఎందుకో తెల్వది. కొట్టిన. నా దుకాణానికి నేనొచ్చిన. జరసేపటికి నెత్తి మీద చప్పుడు. చూస్తే... జనంతోటి గాల్లె ఉన్నది!"

సాలోమోనుకు కళ్లు మసకబారాయి. రాహుల్ తన చెయ్యే అనుకున్నాడు. సాలోమోను భాయ్ చూశాడు, ఇక భయం లేదు అనుకుని లేపాడు. చివరి క్షణం దాకా అదే అనుకుని ఉంటాడు!

ముందు నుంచి కళ్లు జిగేల్‌మనే వెలుగు!

పెద్ద కారు. కట్ట మీద ఎదురుగా వచ్చి ఆగింది. తలుపు తెరిచి దిగాడు మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా. చేతిలో రెండు ఫోన్లు.

దయానంద్!

సాలోమోను బావ వైపు తిరిగాడు. సురేశ్ తల దించుకున్నాడు.

"నన్ను వీని తానికి తోల్కొచ్చినవా?"

"నిన్ను మస్కట్ పంపిస్తనన్నడు... కేసు నీ మీదికి రాదన్నడు. మీ అక్క మొకం చూసి ఒప్పుకున్న."

"సురేశ్ కరెక్టే చేసిండు." దయానంద్ దగ్గరికి వచ్చాడు. గొంతులో కోపం లేదు, హడావుడి లేదు. మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడు. "చూడు సాలోమోను. గా ముక్క నాకియ్యి. పొద్దున ఫ్లైట్ ఎక్కు. నువ్వు సేఫ్, మీ బావ సేఫ్. కేసు పైలట్ మీద పోతది. పైలట్ ఎర్రర్. చచ్చినోనికి జైలేముంటది?"

సాలోమోను జేబు మీద చెయ్యి బిగించాడు.

"లేదంటే గా ముక్క ఆఫీసర్‌కు ఇస్తవ్. ఏమైతది? దారం ఎవరిది? సురేశ్‌ది. దెబ్బలు కొట్టింది ఎవరు? సురేశ్. నేను చెప్పినట్టు ఎవరన్న విన్నరా? మీ అక్కకు పుట్టే పిల్ల తండ్రిని జైలు జాలీలకెళ్లి చూస్తది. నీ ఇష్టం."

ఎంత శుభ్రంగా అల్లాడు! ఎటు తిరిగినా గోడే. ముక్క ఇస్తే రాహుల్ దోషి. ఇవ్వకపోతే అక్క కాపురం.

అక్క మాట చెవిలో మోగుతోంది. ఎవని మొగడైనా సరే... అక్కా, ఎవరి మొగడో తెలిసే అన్నావా ఆ మాట!

జేబులోంచి చెయ్యి బయటికి వచ్చింది. గుడ్డపేలిక. దయానంద్ చెయ్యి చాచాడు.

సాలోమోను ఇవ్వలేదు. వెనక్కీ తీసుకోలేదు. చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఒక్క పట్టు! దయానంద్ లాక్కున్నాడు!

"ఎవ్వరు కదలొద్దు!"

మక్కచేనులో గలగల. కట్ట కింద నుంచి ఒకడు పైకి వచ్చాడు. చెప్పులు. భుజం మీద ఉండాల్సిన తుపాకి ఇప్పుడు చేతుల్లో ఉంది. అడవిపందుల నుంచి మక్క కాపాడుకోవడానికి రైతులు దాచుకునే నాటు తుపాకి. ఒక్కసారి పేలితే మళ్లీ మందు కూరాలి.

బైకు ఎప్పుడు ఆగిందో, వాడు చేను లోపలి నుంచి ఎప్పుడు వచ్చాడో ఎవరూ వినలేదు.

ఇరవై ఏళ్ల పిల్లాడు. గుండు. నెత్తి మీద ఇంకా వెంట్రుక మొలవలేదు.

సాలోమోనుకు అప్పుడు అర్థమైంది. వీడు దయానంద్ మనిషి కాదు. తండ్రికి తలకొరివి పెట్టిన కొడుకు.

"నేను చిన్నన్న కొడుకుని. బబ్లుని." గొట్టం సాలోమోను గుండెకు గురిపెట్టి ఉంది. "మార్కెట్ల ఆగమంటే ఉరికినవ్. అడిగినంక కాలుద్దమనుకున్న. ఇగ అడుగుతున్న. మా నాయిన ఎక్కిన దాని పైపు ఎవడు కట్టిండు? నీ నోటితోటి వినాలె."

ఒక్క మాట చాలు. ఒక్క వేలు చూపిస్తే చాలు, ఆ గొట్టం తన గుండె మీంచి పోతుంది!

సాలోమోను నోరు విప్పలేదు. పళ్లు కరిచిపెట్టుకుని నిలబడ్డాడు. అక్క కడుపు కళ్ల ముందు ఉంది.

"చెప్పు!"

"నేను." సురేశ్ లేచాడు. రెండు చేతులూ హెడ్‌లైటు వెలుగులోకి చాచాడు. మణికట్ల దాకా పసుపు. "గా చెయ్యి నాది బబ్లూ. వానికేం తెల్వదు. వాడు ఇప్పి పెట్టిపోయిండు. నేను కట్టిన. దెబ్బలు గూడ నేనే కొట్టిన."

గొట్టం తిరిగింది. సురేశ్ మీదికి.

బబ్లు గడ్డం వణుకుతోంది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. వేలు మాత్రం వణకడం లేదు.

"బావా!"

ధబ్బున కారు తలుపు పడిన చప్పుడు!

దయానంద్! ఎప్పుడు ఎక్కాడో ఎక్కాడు. ఇంజిన్ గర్జించింది. తిప్పుకునే చోటు లేదు. కారు వెనక్కి పోతోంది, ముందు లైట్లు వీళ్ల మొహాల మీదే వెలుగుతూ. ముక్క వాడి జేబులో ఉంది. కాలువ పక్కనే ఉంది. ఒక్క విసురు చాలు...

"బబ్లూ!" సురేశ్ అరిచాడు. "నన్ను తర్వాత కాల్చు! నేనేడికి పోను! గా బండి పోతే మీ నాయినను చంపిన ముచ్చట గూడ పోతది! లైట్ల నడుమ కొట్టు! జాలీకి కొట్టుర, జాలీకి!"

ఒకే ఒక్క మందు.

గొట్టం సురేశ్ మీద... కారు మీద... మళ్లీ సురేశ్ మీద...

ఢాం!

మక్కచేన్ల మీద కొంగలు లేచాయి. సాలోమోను కళ్లు మూసుకున్నాడు. తెరవడానికి ధైర్యం చాల్లేదు.

తెరిచాడు.

సురేశ్ నిలబడే ఉన్నాడు!

కారు ముందు జాలీ, దాని వెనక రేడియేటర్ చిల్లులు పడ్డాయి. ఆవిరి చిమ్ముతోంది. అయినా వెనక్కి పోతోంది... మెలికలు తిరుగుతూ పోతోంది... వెనక చక్రం కట్ట అంచు జారి మట్టిలో దిగింది. ఇంజిన్ ఒకసారి ఏడ్చింది. రెండోసారి దగ్గింది. ఆగిపోయింది.

దయానంద్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. మొదటిసారి వాడి గొంతు మారింది.

"సురేశ్! ఏయ్ సురేశ్! రా, చూడు! నీకొచ్చు గద... ఏదన్న చుట్టు! జల్ది!"

సురేశ్ చేతులకేసి చూసుకున్నాడు. చొక్కాకు తుడుచుకున్నాడు. పోలేదు. పసుపు అంత తొందరగా పోదు.

"నాకు రాదు సార్" అన్నాడు.

అప్పటికే సాలోమోను కారు దగ్గరికి పరుగెత్తాడు. తలుపు లాగాడు. దయానంద్ మణికట్టు మెలిపెట్టి గుడ్డపేలిక తీసుకున్నాడు. విప్పి చూసుకున్నాడు. పైపు కొస, నట్టు, నల్లబడిన పోగు. అన్నీ ఉన్నాయి. దయానంద్‌ను చొక్కా పట్టి కిందికి దింపాడు. వాడు ఎదురు తిరగలేదు. ఎటు చూసినా నీళ్లు, చేను, చేతిలో ఖాళీ తుపాకితో ఒక గుండు పిల్లాడు.

"చెప్పినట్టు ఎవరు విన్నరు అన్నవు గద." బబ్లు మెల్లగా అన్నాడు. "నేను విన్న. మక్కలకెళ్లి అంత విన్న. చచ్చినోనికి జైలేముంటదన్నవ్... అది గూడ విన్న."

దయానంద్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

కారు వంగి, కట్ట పక్కన, ఆవిరి కక్కుకుంటూ నిలబడి ఉంది. ఎవరికీ గీత కూడా పడలేదు. నేల మీద నడిచే బండి కదా.

జీపులో ఫోన్ మోగింది.

నలుగురూ అటు చూశారు. మోగుతూనే ఉంది. సాలోమోను వెళ్లి ఎత్తాడు.

"తమ్మీ! ఏడున్నరు? ఏమన్న తెల్సిందా?" రూతు గొంతు ఆత్రంగా. "మంగవ్వ అడుగుతున్నదిర, నా పక్కనే ఉన్నది. ఎవడు చేసిండట? వాడు దొరికిండా?"

సాలోమోను నోరు తెరిచాడు. బావ వైపు చూశాడు. దొరికాడని చెప్పాలా? దొరకలేదని చెప్పాలా?

పక్క నుంచి పసుపు చెయ్యి వచ్చి ఫోన్ అందుకుంది.

"రూతూ," అన్నాడు సురేశ్. "స్పీకర్ పెట్టు. మంగవ్వను గూడ విననియ్యి."

"పెట్టిన. ఎవడు?"

"నేనే."